ఆపితే మళ్ళీ రాదు

ఈమధ్య విశాఖపట్నంలో నా లాప్‌టాప్‌ని ఒక రిపేరు దుకాణానికి తీసుకెళ్ళాను. అడుగుభాగం ఉబ్బి, బల్లమీద పెడితే ఊగుతోంది. దుకాణం ఆయన మరలు విప్పి బ్యాటరీ బయటికి తీసి నా ముందు పెట్టాడు. నూనెలో పొంగిన పూరీలా ఉంది.

"ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచేస్తారా సార్?"

"ఔను."

"ఆపరా?"

"ఎప్పుడో గాని ఆపను."

"అప్పుడప్పుడూ ఆపాలి సార్. ఆపితే మళ్ళీ వస్తాది కదా, భయమేటి?"

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం చోడవరంలో బస్టాండు వెనక వీధి, రేకుల కప్పు కింద ఒక ముందుగది, అందులో గోడవైపు తిరిగి కూర్చున్న ఒక వీపు గుర్తొచ్చాయి. ఆ వీపు ఫోర్‌మేన్ గారిది. ఆయన పోయి చాలా కాలమైంది. పోయినప్పుడు ఎవరూ పెద్దగా ఏమీ అనుకోలేదు.

ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. ఎదురుగా ఫోర్‌మేన్ గారు అనేవారు, వెనకాల వేరే మాటలు అనేవారు. పంచదార మిల్లులో బాయిలర్ల దగ్గర జీవితమంతా గడిపి రిటైరయ్యాడు. తొంభైల్లో నేను ఒక దినపత్రికకి చోడవరం విలేకరిని. ఆయన ఇంటికి ఎదురుగా మేడమీద వాటాలో అద్దెకుండేవాణ్ణి. మా కింద వాటాలో అనకాపల్లి నుంచి వచ్చిన ఒక టైలరు, ఆయన భార్య. కిటికీ తీస్తే ఫోర్‌మేన్ గారి ముందుగది కనిపించేది. తియ్యకపోయినా ఆయన మాట వినిపించేది. బాయిలర్ల హోరులో చెవులు సగం పోయాయి. అందుకని ఏ మాటైనా అరిచి చెప్పేవాడు. ఇంట్లో అనుకోవలసిన మాటలు వీధంతా వినేది.

కుడి ముంజేతి మీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు. ఆవిరి కాల్చేసింది. ఆ చేతికే ఒక అలవాటుండేది. దేని సంగతి తెలుసుకోవాలన్నా అరచెయ్యి దానిమీద ఆన్చి, కళ్ళు మూసుకుని, కాసేపు అలా ఉండేవాడు. బియ్యం బస్తా మీద, ఆగిన మోటారు మీద, ఒకసారి జ్వరంతో ఉన్న టైలరు వీపు మీద. తరవాత తీర్పు చెప్పేవాడు. "ఇందులో నిప్పు లేదు. నాటకం."

మిల్లులో సీజను మొదలైతే బాయిలరు ఆరకూడదు. చెరకు పిప్పి ఎగదోస్తూనే ఉండాలి. మధ్యలో ఆవిరి పడిపోతే రసం పులిసిపోతుంది, పాకం బిగిసిపోతుంది, గునపాలతో కొట్టి తీయాల్సి వస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళలో చెరకు పండించే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. అందరికీ అది మిల్లు సంగతి. ఫోర్‌మేన్ గారికి లోకం సంగతి. టీ కొట్టువాడు మధ్యాహ్నం స్టవ్వు ఆర్పేస్తే తిట్టేవాడు. బస్టాండులో బస్సు నిలిపి ఇంజను ఆపిన డ్రైవరు దగ్గరికి వెళ్ళి, "ఆపీసేవేటి? మళ్ళీ మీ తాతొచ్చి తోస్తాడా?" అని అడగడం నేను స్వయంగా విన్నాను. నడుస్తున్నదాన్ని ఆపేవాణ్ణి ఆయన మనిషిగా లెక్కపెట్టేవాడు కాదు.

ఆ ఇంట్లో ఆయనతోపాటు ఉన్న మనిషి ఆయన అప్ప, అంటే అక్క. పెళ్ళైన కొత్తలోనే భార్య పుట్టింటికి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పకి భర్త పోయాడు, పిల్లల్లేరు. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణీ, చిన్న చెల్లెల్నీ చెరకు మోపులు మోసి పెంచింది ఆమే. వీధిలో చిన్నాపెద్దా అందరూ ఆమెని అప్పా అనే పిలిచేవారు. సన్నని మనిషి. ఒకప్పుడు నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. ఆయాసం పట్టుకున్నాక చుట్ట మానేసింది, ఆయాసం మాత్రం ఆమెని మానలేదు. వెనకగదిలో మంచం, మంచం పక్కన ముక్కాలిపీట, పీటమీద ఒక టేబుల్ ఫాను. గేదె పెయ్యని అమ్మి తనకోసం తాను కొనుక్కున్న వస్తువు అదొక్కటే. రేకుల కప్పు కింద వేసవి మధ్యాహ్నాలు ఆ ఫానుకి ఎదురుగా నోరు తెరుచుకుని కూర్చునేది. "గాలి తాగుతన్నాను బాబూ," అనేది నాతో.

ఆ దశాబ్దం చివర్లో ఆ ఇంటికి లాప్‌టాప్ వచ్చింది.

చెల్లెలి కొడుకు విశాఖలో ఒక కంపెనీలో పనిచేసేవాడు. వాళ్ళ ఆఫీసులో కొత్తవి కొని, పాతదాన్ని ఇతనికిచ్చేశారు. ఇటుకంత మందం, సిమెంటు రంగు. మావయ్యకి కాలక్షేపంగా ఉంటుందని తెచ్చాడు. బల్లమీద పెట్టి, నడిపించి, అక్షరాలు కొట్టడం చూపించాడు. బస్సుకి టైమైపోతోంది. చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఒక మాటన్నాడు.

"వైరు మాత్రం తియ్యకు మావయ్యా. బ్యాటరీ పాతది. తీస్తే కాసేపటికి ఆగిపోతాది."

ఫోర్‌మేన్ గారు తలూపాడు. ఆయనకి అర్థమైనంత బాగా ఆ మాట ఇంకెవరికీ అర్థమై ఉండదు. ఆగితే ఏమవుతుందో ఆయనకి ఒకరు చెప్పాలా.

ఆ రోజు నుంచి అది ఆరలేదు.

లారీల కరెంటు పనులు చేసేవాడి దగ్గరికి వెళ్ళి, లారీ బ్యాటరీతో ఒక ఇన్వర్టరు కట్టించుకొచ్చాడు. ఊళ్ళో కరెంటు ఉన్నా పోయినా ఈ బల్లకి సంబంధం లేదు. కోతల కాలంలో వీధంతా అరుగుల మీద కూర్చుని విసురుకుంటుంటే, ఆయన ముందుగదిలో ఆ తెర వెలుగుతూ ఉండేది. ఎవరూ ముట్టుకోకుండా కాసేపు వదిలేస్తే దానిలో గొట్టాలు పుట్టేవి. ఒక గొట్టం బయల్దేరి, వంపు తిరిగి, ఇంకో గొట్టాన్ని దాటుకుని, తెరంతా అల్లుకుపోయేది. తరవాత అంతా చెరిగిపోయి మళ్ళీ మొదలు. ఫోర్‌మేన్ గారు దాని ముందు కూర్చుని తప్పులు పట్టేవాడు. "ఒరే, ఆ బెండు అక్కడేటి? ఆవిరెలా ఎల్తాదనుకున్నావు?" అని అరిచేవాడు. ఆ గొట్టాలు వేస్తున్నవాడు లోపలెక్కడో ఉన్నాడన్నట్టు.

గుమ్మం పక్కన 'కంప్యూటర్ నేర్పబడును' అని బోర్డు పెట్టాడు. కొందరు పిల్లలు చేరారు కూడా. వాళ్ళందరికీ అట్టమీద గీసిన అక్షరాల పలకలు ఇచ్చాడు. వాటిమీద వేళ్ళు ఆడించడమే చదువు. అసలుది ఆయనొక్కడే ముట్టుకోవాలి. చేరిన కొత్తలో ఒక గుంటపిల్ల లేచి అడిగింది.

"మాస్టారూ, మేం దాన్ని ఎప్పుడు ముట్టుకుంటాం?"

"మీ ఇంట్లో గేదుందా?"

"ఉందండి."

"దాన్ని ముట్టుకో. పాలైనా ఇస్తాది."

పిల్లలు నవ్వారు. ఆ పిల్ల మర్నాటి నుంచి రాలేదు. తరవాత ఒక్కొక్కరే మానేశారు. వేసవి వచ్చేసరికి బోర్డొక్కటే మిగిలింది. ఆయనకి ఆ లోటు తెలిసినట్టు లేదు. నడుస్తున్నది నడుస్తూనే ఉంది కదా.

ఒకసారి కాలేజీలో లెక్కలు చెప్పే లెక్చరరు ఒకాయన చూడ్డానికి వచ్చాడు. మర్యాదస్తుడు. దానిమీద చెయ్యి పెట్టి చూసి, చుర్రుమంటే వెనక్కి తీసుకున్నాడు.

"బాగా కాలిపోతోందండీ. వాడనప్పుడు ఆపెయ్యండి. మళ్ళీ కావలసినప్పుడు వేసుకోవచ్చు."

"నువ్వెన్ని బాయిలర్లు ఎలిగించేవు?"

"ఇది బాయిలరు కాదు కదండీ."

"ఆపీవోడికేటి, ఆపీసి ఎలిపోతాడు. మళ్ళీ రాకపోతే నీ అత్తోరింటి కాడ్నించి తెస్తావా? లెక్కలు సెప్పుకో పో."

లెక్చరరు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు టీ కొట్టు దగ్గర ఫోర్‌మేన్ గారు ఆ చురక గురించి అందరికీ చెప్పి నవ్వాడు. కాని ఆయన మనసులో ఒక్క మాట మిగిలిందని తరవాత తెలిసింది. ఆపెయ్యమన్న మాట కాదు. కాలిపోతోందన్న మాట.

ఆ మధ్యాహ్నమే వెనకగదిలోకి వెళ్ళి, ముక్కాలిపీటతో సహా ఫాను ఎత్తుకొచ్చాడు. బల్లకి మూరెడు దూరంలో పెట్టి, మెడ బిగించి, దానిమీదికి తిప్పాడు. అరచెయ్యి ఆన్చి, కళ్ళు మూసుకుని, కాసేపటికి తృప్తిగా తెరిచాడు.

వెనకగదిలోంచి అప్ప గొంతు వచ్చింది.

"ఒరే, నా ఫానేదిరా?"

"మిషనుకి పెట్టేను."

"దానికెందుకురా?"

"ఏడెక్కిపోతంది."

ఆమె నవ్వింది. నాకు స్పష్టంగా గుర్తుంది, మొదటిరోజు ఆమె నవ్వింది. "మా మరదలికి ఉక్కపోస్తందేటి? సర్లే, సారెలో పెట్టేననుకుంటాను," అంది. ఆ తరవాత వీధిలో అందరికీ లాప్‌టాప్ పేరు అప్ప మరదలే అయిపోయింది. కూరలమ్మేవాడు కూడా, "అప్పా, మరదలు పిల్ల లేచిందా?" అని అడిగేవాడు. "అది పడుకుంటే కదా బాబూ లెగడానికి," అనేది ఆమె. మేమందరం నవ్వేవాళ్ళం. ఒక ముసలామె ఊపిరి సంగతి మీద ఒక వీధి అంతకాలం నవ్వగలదని నేను వార్తగా రాస్తే నమ్మేవారు కాదు.

ఎండలు ముదిరాయి. ఆమె జోకులు తగ్గాయి.

"ఒరే బాబూ, ఒక్క రవ్వ ఇటేపు తిప్పరా. ఊపిరాడ్డం లేదురా."

"నీకు ఇసనకర్రుంది. సేతులున్నాయి. దానికేటున్నాయి?"

"సెయ్యి లాగేస్తందిరా."

"సుట్ట కాల్సినన్నాళ్ళూ లాగలేదా?"

ఇది ఏ ఒక్కరోజు మాటో కాదు. రోజూ మధ్యాహ్నం ఎండ రేకుల మీదికి ఎక్కేవేళకి మొదలయ్యేది. ఆమె ఉన్న ఊపిరంతా పెట్టి అడిగేది, ఆయన వీధికి వినపడేలా జవాబిచ్చేవాడు. పిల్లికూతలాంటి ఆమె ఆయాసం ఆయన చెవులకి వినపడేది కాదని అందాం. గోడ పట్టుకుని, భుజాలు ఎగరేస్తూ, ముందుగది గుమ్మం దాకా వచ్చి నిలబడినప్పుడు కళ్ళకి కనపడేది కదా. అలా వచ్చినప్పుడు ఆమె తమ్ముడి వంక చూసేది కాదు, ఫాను వంక చూసేది. ఫాను గాలి కొస ఒకటి గుమ్మం దాకా వచ్చేది. ఆమె చెంప దానికి పట్టి నిలబడేది. అప్పుడు ఆయన లేచి, ఫానుని ఇంకాస్త దగ్గరికి జరిపేవాడు. మిషనుకి.

టైలరు ఓర్చుకోలేక ఒకరోజు వెళ్ళాడు. నేను కిటికీ దగ్గర ఉన్నాను.

"ఫోర్‌మేన్ గారూ, నా కొట్లో పాత ఫానొకటి పడుంది. అప్పకి తెచ్చి పెడతాను."

"పెట్టకు. ఇన్వర్టరు లాగదు."

"కరెంటున్నప్పుడైనా తిరుగుతాది కదండీ."

"వోల్టేజీ పడిపోతాది. పడిపోతే ఇది ఆగిపోతాది. ఆగితే మళ్ళీ రాదు. లోడు సంగతి నీకేటి తెలుసు, జాకెట్లు కుట్టుకో."

"మనిషండీ," అన్నాడు టైలరు.

"మనిషే. ఎవరు కాదన్నారు? మనిషి ఆగి ఆగి నడుస్తాడు. కూకుంటాడు, లెగుస్తాడు, పడుకుంటాడు. మిషను అలా కాదు."

టైలరు తిరిగొచ్చి కుట్టుమిషను ముందు కూర్చున్నాడు గాని కుట్టలేదు. ఆ రోజు నుంచి ఆయన భార్య తడిపిన గోనెపట్టా తీసుకెళ్ళి అప్ప గది కిటికీకి కట్టి వచ్చేది, కాసేపు కూర్చుని విసిరేది. ఇంత గంజి తాగించేది. లోపల ఆ ఇద్దరూ ఏమనుకునేవారో వినపడేది కాదు. ఆ ఇంట్లో మెల్లగా మాట్లాడేది వాళ్ళిద్దరే.

అప్ప పోయింది పట్టపగలే. టైలరు భార్య గంజి పట్టుకెళ్ళింది. అప్ప గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. విసనకర్ర ఒళ్ళో ఉంది, వేళ్ళు ఇంకా దాని పిడిమీదే ఉన్నాయి. ఈమె కేక విని నేను మెట్లు దిగి వెళ్ళేసరికి ముందుగదిలో ఫోర్‌మేన్ గారు తెర ముందు కూర్చునే ఉన్నాడు. టైలరు భార్య ఆయన భుజం పట్టుకుని కుదిపింది.

"అప్ప పలకడం లేదండీ."

"పడుకుందేమో."

"కళ్ళు తెరిచే ఉన్నాయండీ."

అప్పుడు లేచాడు. వెనకగదిలోకి వెళ్ళి, ఆమె ముందు గొంతుక్కూర్చుని, వెంట్రుకల్లేని ఆ చేతిని ఆమె నుదుటి మీద ఆన్చాడు. అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. మేం గుమ్మంలో నిలబడ్డాం.

"సల్లారిపోయింది," అన్నాడు. జీవితంలో మొదటిసారి మెల్లగా.

విశాఖకి ఫోను చేయించాం. చెల్లెలూ, ఆమె కొడుకూ బస్సులో రావాలి. వాళ్ళొచ్చేదాకా ఉంచాలి. శరీరాన్ని అరుగు మీదికి తెచ్చి, తాటాకుల నీడలో చాపమీద పడుకోబెట్టారు. ఎండ మాడ్చేస్తోంది. ఆడవాళ్ళు ఈగలు తోలుతూ, ఫాను పెట్టండర్రా, మనిషి పాడైపోతాది అన్నారు. టైలరు లోపలికి వెళ్ళి ముక్కాలిపీటతో సహా ఫాను తెచ్చాడు. వైరు చాలలేదు. మళ్ళీ వెళ్ళి, బల్లకింద ప్లగ్గులన్నీ గుచ్చిన ఎక్స్‌టెన్షన్ పెట్టెలోంచి అడ్డంగా ఉన్న ప్లగ్గు పీకేసి, పెట్టెనే గుమ్మం దాకా లాక్కొచ్చాడు. ఫాను తిరిగింది. ఆమె చీరకొంగు లేచి ఆడింది. నెరిసిన జుట్టు నుదుటి మీద కదిలింది. గాలి మొత్తం ఆమెకే.

పీకిన ప్లగ్గు లాప్‌టాప్‌ది. పగలూ రాత్రీ ప్లగ్గులోనే ఉండి, ఆ వేడికి ఉడికి, దాని సొంత బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఊరుకుంది. వైరు తీసిన మరుక్షణం తెర నల్లబడింది.

ఫోర్‌మేన్ గారు అరుగు మీద స్తంభానికి ఆనుకుని, కళ్ళలో తడి లేకుండా కూర్చున్నాడు. పాడె కట్టడానికి వచ్చినవాళ్ళకి పురికొస ఎక్కడుందో చెప్పాడు, వెదుళ్ళు వంకరగా ఉన్నాయని తిట్టాడు. తరవాత నీళ్ళు తాగడానికి కాబోలు లోపలికి వెళ్ళాడు. ఆ తరవాత లోపల్నించి ఒక ఏడుపు వచ్చింది. మాటల్లేవు, ఒట్టి గొంతు. చెవులు వినపడని మనిషి ఏడుపు ఎంత పెద్దదో ఆ రోజే విన్నాను. అరుగుమీద ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇన్నాళ్ళూ ఎన్నన్నాడు పాపం. రక్తం కదా," అంది ఒకామె. కూరలమ్మేవాడు తలపాగా తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. నాకు లోపలున్న నల్లటి తెర కనిపిస్తోంది, దాని వీపుమీద ఆనించిన ఆ చెయ్యి కూడా కనిపిస్తోంది. మిగిలినవాళ్ళకి నేనేమీ చెప్పలేదు. చెబితే వాళ్ళు ఆ ఏడుపుని ఏం చేసుకుంటారు?

చెల్లెలు వచ్చి అప్పమీద పడింది. మేనల్లుడు పెద్దమ్మ కాళ్ళకి మొక్కి, మావయ్యని వెతుక్కుంటూ లోపలికి వచ్చాడు.

"ఊరుకో మావయ్యా. లే. పెద్దమ్మని తీసుకెళ్ళాలి."

ఫోర్‌మేన్ గారు తలెత్తకుండా తెర చూపించాడు.

మేనల్లుడు నావైపు చూసి సిగ్గుపడ్డాడు. వాదించే వేళ కాదనుకున్నాడేమో, నేలమీద పడున్న వైరు అందుకుని గోడ ప్లగ్గులో గుచ్చి, ఒక మీట నొక్కాడు. కీచుమని చిన్న చప్పుడు. తెర మీద తెల్లని అక్షరాలు పరిగెత్తాయి. కాసేపటికి ఎప్పుడూ ఉండే బొమ్మ ఎప్పటిలాగే వచ్చి నిలబడింది.

ఫోర్‌మేన్ గారి ఏడుపు మధ్యలో తెగిపోయింది.

"ఏటి సేసేవు?"

"ఏం లేదు మావయ్యా. బటన్ నొక్కేను."

"అంతేనా?"

"అంతే. రోజూ ఆపుకుని, మళ్ళీ వేసుకోవచ్చు. దీనికోసమా ఏడుస్తన్నావు?"

ఫోర్‌మేన్ గారు తలెత్తాడు. మొహం తుడుచుకున్నాడు. గుమ్మంలోంచి అరుగువైపు చూశాడు. అక్కడ ఫాను తిరుగుతోంది. చూపు వెనక్కి తిప్పుకున్నాడు.

"ఆపు," అన్నాడు.

"ఏటి?"

"ఆపమన్నాను."

మేనల్లుడు ఆపాడు. తెర నల్లబడింది.

"ఇప్పుడు ఎయ్యి."

వేశాడు. కీచుమంది, అక్షరాలు పరిగెత్తాయి, బొమ్మ వచ్చింది.

"మళ్ళీ ఆపు."

బయట వెదుళ్ళు భుజానికెత్తుకోవలసినవాళ్ళు ఎండలో కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. వాళ్ళలో ఒక పెద్దాయన గుమ్మంలోకి తల పెట్టి, "బాబూ, పొద్దు వాలిపోతంది. ఇంకెంతసేపు?" అని అడిగాడు. ఫోర్‌మేన్ గారికి వినపడలేదు. ఆయన అరచెయ్యి మిషను వీపుమీద ఉంది, ఈసారి కళ్ళు మూసుకోలేదు. మేనల్లుడు ఏడుస్తూ మీట నొక్కుతున్నాడు.

"ఇంకొక్కసారి," అన్నాడు ఆయన.

మళ్ళీ ఆపాడు, మళ్ళీ వేశాడు. అది వచ్చింది.